నేను బదులు చెప్పని ఏడు ప్రశ్నలు

హిందూపురం,
తేది 17-4-1957, బుధవారం.

పెనుకొండ సబ్ కలెక్టరు దొరవారి సముఖమునకు,

హిందూపురం కల్పలతా మోటారు సర్వీసులో బస్సు డ్రైవరు, చిలమత్తూరు ఈరన్న కుమారుడు దేవప్ప, వయసు 34, వ్రాసుకొన్న అర్జీ.

విషయం: జబ్బు సెలవులో ఉన్న నా యింటికి వచ్చి మేనేజరు నడిపిన విచారణ చెల్లదనియు, సోమవారం 22వ తేదీ జరుగబోవు విచారణ తమ తరఫు మనిషి ఎదుట జరగవలెననియు కోరుట గురించి.

అయ్యా,

మొదట నేను తాలూకా కచ్చేరి ముందర అర్జీలు వ్రాసే ఆయన దగ్గరికి పోయినాను. నేను చెప్పినది రెండు మాటలు విని, "ఇట్ల రాస్తే దొరగారు చించి పారేస్తారప్పా, మేనేజరు గారి వల్ల కొంత ఇబ్బంది కలిగినది అని రాస్తా ఉండు" అన్నాడు. నాకు కలిగినది కొంత ఇబ్బంది కాదు. కాబట్టి కాగితం వెనక్కి తీసుకొని నేనే వ్రాసుకొంటున్నాను. ఎనిమిదో తరగతి వరకు చదివినాను. తప్పులుంటే మన్నించవలెను. కోపము కనిపిస్తే మాత్రము అది తప్పు కాదు, తెలిసే వ్రాసినాను.

సంగతి క్లుప్తముగా ఏమనగా, మేనేజరు శ్రీ ఆదినారాయణ గారు ఏప్రిల్ 1వ తేదీన నా యింట్లో నా పడక పక్కన నిలబడి ఏడు ప్రశ్నలు అడిగినారు. నేను ఒక్కదానికీ బదులు చెప్పలేదు. బదులు లేదు గనుక నేరము ఒప్పుకొన్నట్లే అని వ్రాసి, 11వ తేదీన నాకు కాగితము పంపినారు. 22వ తేదీ పది గంటలకు కంపెనీ యజమాని సావుకారి ఎదుట హాజరు కావలెనట. ఆనాడు కూడా బదులు లేకపోతే పని నుంచి తీసివేసి, నా లైసెన్సు రద్దు చేయమని పైకి వ్రాస్తారట. లైసెన్సు పోతే నాకు ఈ జిల్లాలో ఎవరూ స్టీరింగు ముట్టనివ్వరు. నాకు వేరే పని రాదు. మా నాయన గొర్రెలు మేపినాడు, నాకు అది కూడా రాదు.

1. నేను పదకొండు ఏండ్లుగా హిందూపురం, పెనుకొండ, ధర్మవరం బస్సు తోలుతున్నాను. పెట్రోలు కరువై బొగ్గు బస్సులు నడిచే కాలమున చేరినాను. ఇన్నేండ్లలో నా చక్రము కింద పడి చచ్చినది సోమందేపల్లి దగ్గర ఒక గొర్రె మాత్రమే, అది కూడా నేను బ్రేకు వేసిన తరువాత వచ్చి పడినది. నాకు నోటి దురుసు ఉన్నది. రోడ్డుకు అడ్డము బండి నిలిపినవానిని నేను ఏమంటానో ఈ దారిలో ప్రతి ఊరివారికీ తెలుసు. ఈ సంగతి నేనే ముందుగా ఒప్పుకొంటున్నాను. ఇంత నోరున్నవాడు ఇరవై ఏడు దినములు నోరు మూసుకొని పడుకొన్నాడంటే దానికి ఏదో కారణము ఉండవలెను గదా అని తమరు ఆలోచించవలెను.

2. మార్చి 18వ తేదీ సోమవారము ధర్మవరంలో నాకు చలి జ్వరము పట్టుకొన్నది. నడుము విరిగిపోతున్నట్లుండినది. అయినా యాభైమంది జనము ఎక్కి కూర్చున్నారని బస్సు హిందూపురానికి తెచ్చి, షెడ్డులో పెట్టి, ఇల్లు చేరినాను. మరునాడు సెలవు చీటీ వ్రాసి కండక్టరు చెన్నప్ప చేత పంపినాను. మేనేజరు గారు అది చదివి, "జొరమొచ్చినోడు అంత దూరం నుంచి బస్సెట్ల తెచ్చినాడప్పా? తేకుండా ఆడనే పడిపోయింటే నమ్ముదును" అని చీటీని నలిపి పారవేసినారట. అనగా బస్సును నడిదారిలో వదలి రానందుకు నాకు జ్వరము లేదని తీర్మానము.

3. మూడు దినములకు, 21వ తేదీన, ఒంటి మీద అమ్మవారు కనిపించినది. తమరు ఏ వైపు వారో నాకు తెలియదు గనుక మా వాడుక చెప్పవలసి ఉన్నది. అమ్మవారు పోసిన ఇంట్లో దానిని జబ్బు అనరు. పైన విషయములో నేను జబ్బు అని వ్రాసినది నిన్నటితో మూడో నీళ్ళు పోసుకొని, తల్లిని సాగనంపి బయట పడినాను కాబట్టి. తల్లి వచ్చి ఇంట్లో కూర్చున్నది అంటారు. వాకిటికి వేపమండలు కడతారు. తాలింపు వేయరు, తల దువ్వుకోరు, చెప్పులు లోపలికి రానివ్వరు, డాక్టరును పిలవరు. అన్నిటికన్నా ముఖ్యము, ఆ ఇంట్లో ఎవరూ గొంతు ఎత్తరాదు, కఠినమైన మాట ఆడరాదు, వాకిటికి వచ్చినవారిని పొమ్మనరాదు. ఎవరు వచ్చినా తల్లి పంపితేనే వచ్చినారని చేతులు జోడించి పెరుగు సద్ది పెట్టవలెను. ఈ కట్టు తప్పితే తల్లికి కోపము వస్తుంది. ఆ కోపము తప్పు చేసినవాని మీద పడదు. ఇంట్లో అందరికన్నా చిన్న ప్రాణము మీద పడుతుంది.

మా ఇంట్లో చిన్న ప్రాణము నా కూతురు దాసమ్మ. నాలుగేండ్లది. దానికి టీకా కూడా లేదు. టీకాలు వేసేవారు వీధిలోకి వచ్చిన రోజు మా అమ్మ నరసక్క దానిని గాదె వెనక దాచిపెట్టినది. అది మా తప్పు, దానికి వేరే జరిమానా వేసుకొనవచ్చును. కాని నేను ఎవరి కోసము నోరు మూసుకొన్నానో తమరికి తెలియవలెనని వ్రాసినాను.

4. 22వ తేదీన మేనేజరు గారు మొదటిసారి వచ్చినారు. వేపమండలను చేతితో పక్కకు తోసి, చెప్పులతోనే లోపలికి వచ్చి, నా తలాపున నిలబడి, "ఏమప్పా దేవప్పా, ఈడ పండుకొని ఏం ఆట ఆడతాండావు? బస్సెవురు తోలాల, సచ్చిన మీ నాయన వచ్చి తోలుతాడా?" అన్నారు. మా నాయన పోయి రెండేండ్లయినది. నేను కళ్ళు మూసుకొన్నాను. మా అమ్మ లేచి ఈయనకు చేతులు జోడించి, "తల్లీ, చల్లగా చూడు తల్లీ" అన్నది. ఈయన దానిని తనకు పెట్టిన దండము అనుకొన్నారు. "చూడు, మీ యమ్మకు తెలుసు, దండం పెడతాంది" అని నవ్వినారు. నా భార్య తిప్పమ్మ ఇంటి వాడుక ప్రకారము పెరుగు సద్ది తెచ్చి పెట్టినది. కూర్చొని తిన్నారు. తింటూ తిడుతూ, తిడుతూ తింటూ ఒక గంటసేపు ఉన్నారు.

అంటుకొంటుందని ఆయనకు భయము లేదు. చిన్నతనములో ఆయనకు పోసినది, మొగమంతా గుంటలే. కాబట్టి నా ఒంటి మీద ఉన్నది ఏమిటో ఆయనకు తెలియదని తమరు అనుకోరాదు. ఈ జిల్లాలో ఆయనకన్నా బాగా తెలిసినవాడు ఉండడు.

5. ఈ విధముగా ఆరుసార్లు వచ్చినారు. పొమ్మనేవారు లేని ఇల్లు ఈ ఊళ్ళో మాది ఒక్కటే అని ఆయనకు అర్థమైనది. ఆఫీసులో ఆయన ఒక మాట అంటే నేను రెండు అనేవాడిని, ఆ బాకీ అంతా ఇక్కడ తీర్చుకొన్నారు. మూడోసారికి సద్ది ఆలస్యమైతే "ఏమమ్మా, ఈ పొద్దు లేదా?" అని నా భార్యను అడిగినారు. నాలుగోసారి ఉల్లిగడ్డ కావలెనన్నారు. ఇక ఈయనను గారు అని వ్రాయను. నా చేయి రావడము లేదు.

6. నా ఇల్లు పెనుకొండ రోడ్డు పక్కనే ఉన్నది. మార్చి 26 నుంచి బస్సు పోయేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి మా వాకిట నిలిపి, ఇంట్లో నుంచి ఎవరైనా బయటికి వచ్చేదాకా బూర కొట్టవలెనని కొత్త డ్రైవరుకు ఉత్తరువు. రెండు నడకలకు దినానికి నాలుగుసార్లు. నాకు కళ్ళు పూడిపోయి ఉన్నవి, రెప్పలు తెరవలేను. బూర మోగుతుంది. తిప్పమ్మ వాకిట్లోకి పోయి బస్సుకు దండము పెట్టి నిలబడుతుంది. జనము కిటికీలలో నుంచి తొంగి చూస్తారు. అప్పుడు బస్సు కదులుతుంది. ఆ కొత్తవాడు రెండో గేరు వేసే చప్పుడు, అయ్యా, నా ఒంటి మీద ఉన్న పొక్కుల కన్నా ఎక్కువ మండించినది. పదకొండు ఏండ్లు నేను ఆ గేరును పసిబిడ్డను పడుకోబెట్టినట్లు వేసినాను.

ఇట్లా ఎందుకు చేసినారని చెన్నప్ప మేనేజరును అడిగితే, "వాడు పండుకొన్నాడని అందరూ చూడాల. ఇంగొగడు పండుకోకుండా" అన్నాడట.

7. ఏప్రిల్ 1వ తేదీ విచారణ. మరునాడు నాకు మొదటి నీళ్ళు. మేనేజరు కాగితము, పెన్ను, సాక్షిగా చెన్నప్పను తీసుకొని వచ్చినాడు. చెన్నప్ప వాకిలి బయటే నిలబడినాడు, మంచివాడు, లోపలికి రాలేదు. మేనేజరు నిలబడి కాగితములో ఉన్నది ఉన్నట్లు చదివినాడు:

ఒకటి, నీవు ఈ కంపెనీ డ్రైవరువు అవునా కాదా? రెండు, 19వ తేదీ నుంచి బస్సు తోలకుండా ఇంట్లో పడుకొన్నది నిజమా కాదా? మూడు, డాక్టరు సర్టిఫికెట్టు ఉన్నదా? నాలుగు, నీ ఒంటి మీద ఉన్నవి చెమటపొక్కులు అవునా కాదా? ఐదు, పెనుకొండ సంతనాడు బస్సు పైన జనమును ఎక్కించనని నాకు ఎదురు తిరిగినావు, ఆ కోపముతో ఇప్పుడు పడుకొన్నావు, అవునా? ఆరు, నీవు తాగుబోతువు అవునా కాదా?

ప్రతి ప్రశ్నకూ ఆగి, నా మొగము చూసి, "బదులు లేదు" అని గట్టిగా పలికి వ్రాసుకొన్నాడు. ఏడవది చదివే ముందు నా భార్య వైపు తిరిగి చదివినాడు. అది ఏమనగా: ఇది చెడ్డ ఇండ్లకు పోయి తెచ్చుకొన్న రోగము, అవునా కాదా?

నేను మోచేతుల మీద లేచినాను. వీపుకు అంటుకొన్న వేపాకులు ఊడి పడినవి. మా అమ్మ నా వైపు చూడలేదు, నన్ను ఆపలేదు. మూలన చాప మీద దాసమ్మ నిద్ర పోతున్నది, దానిని చూసినది. నేను మళ్ళీ పడుకొన్నాను.

"బదులు లేదు" అని వ్రాసుకొని, సద్ది తిని పోయినాడు.

8. వీడు మాటిమాటికీ చెప్పే గొప్ప ఒకటి ఉన్నది. "నాకు పోసినప్పుడు మూడో దినమే లేసి పనికి పోయినా. మీరంతా సుకానికి మరిగినారు." ఆఫీసులో జ్వరమని ఎవరు సెలవు అడిగినా ఇదే మాట. నిన్న మూడో నీళ్ళు అయినాక మా అమ్మ నోరు విప్పి చెప్పినది. వీడిది కూడా చిలమత్తూరే. వీడికి పోసినప్పుడు ఏడేండ్లు. వీడి తల్లి రుక్మిణమ్మ ఒళ్ళో నలభై దినములు ఉన్నాడు. వీధి వీధంతా తాలింపు మానుకొన్నారట. రోకలి చప్పుడు కాకుండా పక్క వీధికి పోయి దంచుకొన్నారట. మా అవ్వ తన కోడండ్లతో పోట్లాడవలసి వస్తే ఊరి బయటికి పోయి పోట్లాడి వచ్చేదట. వీడు బతకవలెనని ఒక ఊరు గొంతు తగ్గించుకొన్నది. ఆ బతికిన గొంతుతో నా ఇంట్లో అరిచినాడు. ఇంత తెలిసి కూడా మా అమ్మ ఆ ఇరవై ఏడు దినములు ఒక్క మాట అనలేదు.

9. ఇప్పుడు నా నోరు నాది. కాబట్టి ఏడు ప్రశ్నలకూ మేనేజరుకు చెప్పవలసిన నా బదులు ఇందుమూలముగా తెలుపుకొంటున్నాను.

ఒకటవ ప్రశ్నకు: అవును. నీకన్నా ఆరేండ్ల ముందు నుంచి.

రెండవ ప్రశ్నకు: పడుకొన్నాను. నా బొడ్డు దగ్గర నుంచి నాలుక దాకా పొక్కులుంటే నేను నిలబడి నాట్యము ఆడలేదు. ఆ మొగముతో నేను బస్సు ఎక్కి ఉంటే మూడు ఊళ్ళకు అమ్మవారిని మోసుకొని పోయి ఉందును. అది నీకు కావలసినదా, పీనుగా?

మూడవ ప్రశ్నకు: సర్టిఫికెట్టు లేదు. మా ఇండ్లలో తల్లి ఉండగా డాక్టరు రాడని, సర్టిఫికెట్టు పుట్టదని నీకు తెలిసే అడిగినావు. ఆ కాగితము నేను తేలేనని తెలియకపోతే నీవు ఆ ప్రశ్న వేసే ఉండవు.

నాలుగవ ప్రశ్నకు: అద్దము చూసుకో.

ఐదవ ప్రశ్నకు: ఎక్కించలేదు, సోమవారము నుంచి మళ్ళీ తోలినా ఎక్కించను. సీట్లలో డెబ్భైమందిని కుక్కి, పైన ఇంకొక ఇరవైమందిని ఎక్కించి కొండ పక్క మలుపులో బస్సు దింపమన్నది నీవు. దింపవలసినది నేను. నీకు అప్పటి నుంచి కడుపు మంట, నాకు కాదు.

ఆరవ ప్రశ్నకు: పండుగకు తాగుతాను. స్టీరింగు పట్టే దినము తాగను. నా ఊపిరి వాసన చూసినవాడు చెన్నప్ప, పదకొండేండ్లు పక్కన కూర్చున్నాడు, అడుగు.

ఏడవ ప్రశ్నకు: తిప్పమ్మ వైపు తిరిగి ఆ మాట చదివినావు. తల్లి ఉన్న ఇంట్లో, నీకు అన్నము పెట్టిన మనిషిని చూస్తూ చదివినావు. ఆమె ఆనాటి నుంచి నీళ్ళకు బావి దగ్గరికి ఎండ ఎక్కినాక, ఎవరూ లేనప్పుడు పోతున్నది. చెన్నప్ప చెప్పకపోయినా వాకిట విన్నవాళ్ళు ఉన్నారు. దీనికి బదులు నేను కాగితము మీద వ్రాయలేను. కుక్క కూడా తిన్న ఇంటి వాకిట మొరగదు. నీవు కుక్కకు కూడా చాలవు.

10. కావున తమతో మనవి చేసుకొనునది. ఒకటవ తేదీ విచారణ విచారణ కాదని తమరు ఉత్తరువు చేయవలెను. నోరు తెరవకూడని ఇంట్లోకి వచ్చి నోరు తెరవలేదని వ్రాసుకొనుట న్యాయము కాదు. 22వ తేదీన తమ తరఫున తహసీల్దారునైనా, ఆయన కింది గుమాస్తానైనా కంపెనీ ఆఫీసుకు పంపవలెను. ఆ మనిషి ఎదుట మేనేజరు మళ్ళీ ఆ ఏడు ప్రశ్నలూ చదవవలెను. ఏడవది కూడా, అదే గొంతుతో. నేను నిలబడి ఒక్కొక్కదానికి బదులు చెబుతాను. సావుకారు బెంగుళూరు నుంచి ఏడాదికి రెండుసార్లు వస్తాడు, మేనేజరు ఏమి చెబితే అది నమ్ముతాడు. నా మాట ఒక్కసారి ఆయన చెవిన పడితే చాలును. ఆ తరువాత పని ఇచ్చినా తీసివేసినా తల వంచుతాను. మాట్లాడకుండా తీసివేయబడుటకు మాత్రము ఒప్పుకోను. ఇరవై ఏడు దినములు మింగిన మాటలు ఇంకా నా గొంతులోనే ఉన్నవి.

తమరు దయయుంచి పై సంగతులు సావకాశముగా చిత్తగించవలెను. తగిన ఉత్తరువు సోమవారము పది గంటల లోపల ఇప్పించవలెనని కోరుచున్నాను.

ఇట్లు,
తమ విధేయుడు,
డ్రైవరు దేవప్ప

మరుదినము, గురువారము.

అయ్యా, పైది నిన్న వ్రాసి, తపాలాకు పొద్దున వేద్దామని పెట్టినాను. మూడు దినములుగా దాసమ్మకు ఒళ్ళు కాలుతున్నది. ఎండ దెబ్బ అనుకొన్నాము. ఈ పొద్దున మా అమ్మ దానికి నీళ్ళు తాగించబోయి గౌను ఎత్తి చూసినది. పొట్ట మీద మూడు, మెడ దగ్గర రెండు ఉన్నవి. తిప్పమ్మ మళ్ళీ వేపమండలు కట్టినది.

మా అమ్మకు చదువు రాదు. నా చేతిలో కాగితము చూసి, "దాండ్లో ఏం రాసినావురా?" అన్నది. మేనేజరును గురించి అన్నాను. "మంచిగా రాసినావా?" అన్నది. మంచిగానే రాసినానమ్మా అన్నాను.

కాబట్టి తమరు దయతో, పైన పీనుగు అని వ్రాసిన చోటనూ, కుక్క అని వ్రాసిన చోటనూ మేనేజరు గారు అని చదువుకొనవలెను. ఆయన మంచివారు. కాగితము చించి వేరే వ్రాద్దామంటే వ్యవధి లేదు, ఈనాటి తపాలా తప్పిపోతే సోమవారము లోపల తమకు చేరదు. అందుచేత అదే పంపుచున్నాను. తల్లి నన్ను మన్నించుగాక.

సోమవారము నన్ను పిలిస్తే పోతాను. ఆయన ఏడు ప్రశ్నలు చదువుతారు. నేను చేతులు జోడించి నిలబడతాను, ఒక్కదానికీ బదులు చెప్పను. బదులన్నీ పైన తొమ్మిదవ అంశములో ఉన్నవి.

తమ యింట పిల్లలందరూ చల్లగా ఉన్నారనుకొంటాను. అట్లయితే, అయ్యా, ఆనాడు నా బదులు తమరు కోపపడవలెను.